మంచి ఫ్యామిలీ అంటే ఏ ఫ్యామిలీ?

మొన్న ఏప్రిల్ 14న మా వాడలో బాబాసాహెబ్ విగ్రహానికి దండలు వేసి, పిల్లలకు నోటు పుస్తకాలు పంచి, అందరూ ఇళ్ళకు పోయాక ఒక కుర్రవాడు మాత్రం అరుగు మీదే కూర్చుండిపోయాడు. మా బడిలో చదివిన పిల్లవాడే. వాళ్ళమ్మ మిరపకోతలకు పోయి చదివించింది. ఎం.బి.ఏ. చేసి హైదరాబాదులో మాదాపూర్ వైపు ఒక కన్సల్టెన్సీలో నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. అతని పేరు రాయడం లేదు. కంపెనీ పేరూ రాయడం లేదు. రాస్తే రేపు అతనికి ఆ ఉద్యోగం ఉండదు. అతను చెప్పింది విన్నాక ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు ఆ ఉద్యోగం ఏందో చెప్పాలి. ‘మావాడు హెచ్చార్‌లో చేస్తున్నాడు’ అని మురిసిపోతూ అదేదో సర్కారు ఆఫీసు అనుకునే తల్లిదండ్రులు మన వాడల్లో ఉన్నారు. హెచ్చార్ అంటే మానవ వనరులు. బొగ్గు వనరు, నీరు వనరు, అట్లాగే మనిషి వనరు. కంపెనీలకు మనుషులు కావాలి. వెతికే పని చాలా కంపెనీలు కన్సల్టెన్సీకి అప్పజెపుతాయి. కన్సల్టెన్సీ వాళ్ళు వందల దరఖాస్తులు వడగట్టి పదిమందిని పంపిస్తారు. కంపెనీ అందులో ఒకరిని తీసుకుంటుంది. తీసుకున్న మనిషి ఏడాది జీతంలో ఇంత శాతమని కన్సల్టెన్సీకి ముడుతుంది. చాలాచోట్ల ఇది 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. చేరినవాడు రెండు మూడు నెలల్లోపు మానేసినా, తీసేసినా ఉచితంగా ఇంకొకరిని చూపించాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. ఇట్లాంటి షరతులు ఒప్పందంలో రాసుకుంటారు.

ఇది వాళ్ళ మొదటి పని. రెండో పని కంపెనీలకూ ప్రభుత్వాలకూ సలహాలు చెప్పడం. ఏ విభాగంలో మనుషులు ఎక్కువున్నారు, ఎవరిని తగ్గించాలి, ఏ పనిని కాంట్రాక్టుకు ఇవ్వాలి అని లెక్కగట్టి నివేదిక రాసిస్తారు. లోపలికి ఎవరు రావాలో చెప్పేది వీళ్ళే. బయటికి ఎవరు పోవాలో చెప్పేదీ వీళ్ళే. వెనకటికి ఊళ్ళో కరణం పని, మునసబు పని ఒకడే చేస్తే ఎట్లా ఉండేదో అట్లా ఉంది.

ఇక కుర్రవాడు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాం.

“మాస్టారూ, ఏ పోస్టుకు ఏం చదువు కావాలో కంపెనీ ఆయన మెయిల్లో రాస్తాడు. రాయని మాటలు ఫోన్లో చెప్తాడు. ‘కాస్త మంచి ఫ్యామిలీ నుంచి ఉంటే చూడండి’ అంటాడు. ‘మా టీములో కలిసిపోయేవాళ్ళు కావాలి’ అంటాడు. ఈ నాలుగేళ్ళలో ఒక్కడు కూడా కులం పేరెత్తలేదు. మంచి ఫ్యామిలీ అంటే ఏ ఫ్యామిలీనో నాకు తెలవదా మాస్టారూ?”

ఒకసారి ఒక అమ్మాయి దరఖాస్తు వచ్చిందట. మార్కులు బాగున్నాయి. అడిగిన చదువు ఉంది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివానని రాసుకుంది. దాచుకోలేదు. ఆ కంపెనీ ఆయన సంగతి మావాడికి తెలుసు. పంపితే తిప్పికొడతాడు. ఒకవేళ తీసుకుని మూడు నెలల్లో సాగనంపాడా, కన్సల్టెన్సీకి డబ్బు పోతుంది, తన టార్గెట్ పోతుంది. అందుకని తనే ఆ దరఖాస్తు పక్కన పెట్టాడు. కారణం రాయాల్సిన గడిలో ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాశాడు.

“ఫోన్ కూడా చెయ్యలేదు మాస్టారూ. ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడకుండానే మాట బాగాలేదని రాశాను. నేనూ హాస్టల్ పిల్లోణ్ణే గదా.”

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆగాం. ఎందుకంటే హైదరాబాదు బస్సు ఎక్కేముందు అతను దరఖాస్తు రాయించుకున్నది మా చేతనే. హాస్టల్ మాట రాయొద్దని చెప్పింది మేమే. నాన్న ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయం అని చెప్పు, పాలేరు అని చెప్పకు అన్నది మేమే. ఊరు అడిగితే ఊరిపేరు చెప్పు, కాలనీ పేరు చెప్పకు అన్నదీ మేమే. మేము బడి పంతుళ్ళం. మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ పట్టా చూసింది మేమే. డీఎస్సీ రోస్టర్‌లో మా వంతు మాకు వచ్చింది, ఉద్యోగంలో చేరాం. రోస్టర్ లేని చోట పిల్లలు ఎట్లా బతకాలో మాకు తెలియలేదు. దాచుకుంటే బతుకుతారు అనుకున్నాం. దాచుకోవడం నేర్చుకున్న పిల్లవాడు, దాచుకోని పిల్లను గుర్తుపట్టడం కూడా నేర్చుకున్నాడు. ఈ తప్పులో మా వాటా మేము ఒప్పుకుంటున్నాం. ఒప్పుకోకుండా కంపెనీల మీద రాసే హక్కు మాకు లేదు.

ఇదంతా ఒక కుర్రవాడి మనోవేదన, ఒక కన్సల్టెన్సీ గొడవ అని ఎవరైనా అనొచ్చు. అయ్యా, లెక్కలు చూడండి.

సుఖదేవ్ థోరాట్, పాల్ అటీవెల్ అనే ఇద్దరు పండితులు ఒక పరీక్ష చేశారు. 66 వారాలపాటు ఇంగ్లీషు పేపర్లలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపించారు. ఒకే రకం చదువు, ఒకే రకం అర్హత. తేడా పేరులోనే. ఒకటి అగ్రకులం ఇంటిపేరు, ఒకటి దళితుల ఇంటిపేరు, ఒకటి ముస్లిం పేరు. 2007లో ఫలితం అచ్చయింది. అగ్రకులం పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని 100 అనుకుంటే, దళితుల పేరుకు అది 67, ముస్లిం పేరుకు 33. మనిషి మొహం చూడలేదు, మాట వినలేదు. పేరు చూసి కవరు పక్కన పడేశారు. మరి మెరిట్ ఎక్కడ కొలిచారయ్యా? తపాలా బిళ్ళ మీదా?

అదే 2007లో సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ ఢిల్లీలో పెద్ద కంపెనీల హెచ్చార్ మేనేజర్లు 25 మందితో మాట్లాడి రాశారు. మేము కులం చూడం, మెరిట్టే చూస్తాం అన్నారు ఆ మేనేజర్లు. మరి ఇంటర్వ్యూలో ఏం అడుగుతారంటే, దాదాపు అందరూ కుటుంబ నేపథ్యం అడుగుతామన్నారు. తండ్రి ఏం చదివాడు, ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరు, ఎక్కడ పెరిగారు. తాతముత్తాతలను బడి గడప తొక్కనివ్వనిది వీళ్ళ తాతముత్తాతలే. ఇప్పుడు మీ తాత ఏం చదివాడు అని అడిగేదీ వీళ్ళే.

మన తెలుగు దేశంలో ఈ విద్య ఇంకా బాగా ముదిరింది. పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ ఉంటే అడిగే పనే లేదు. లేకపోతే ‘ఏ ఊరు? ఊళ్ళో ఏ వైపు? ఫలానా వాళ్ళు తెలుసా?’ అని చుట్టూ తిరిగి వస్తారు. మూడో ప్రశ్నకు మనం దొరికిపోతాం.

పైన కూర్చున్నవాళ్ళు ఎవరో కూడా చూద్దాం. మన దేశంలో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల కులాలు లెక్కగట్టి ముగ్గురు పరిశోధకులు 2012లో అచ్చువేశారు. 9,052 మంది డైరెక్టర్లు. అందులో నూటికి 93 మంది దాకా అగ్రకులాలవాళ్ళు. ఎస్సీలు, ఎస్టీలు ఇద్దరూ కలిపి నూటికి 3.5. ఇది రిజర్వేషన్ కాదా? మనకు 15 శాతం ఇస్తే దేశం మునుగుతుందని ఏడ్చేవాళ్ళు ఈ 93 శాతం గురించి నోరు ఎత్తరేం?

కారంచేడు, చుండూరు నెత్తుటితో మేము దీన్ని పోల్చడం లేదు. కానీ ఒక సంగతి మర్చిపోవద్దు. 1991లో చుండూరు గొడవ మొదలైంది సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రవాడి కాలు తగిలిందని. చదువుకున్న మాలమాదిగ తమ పక్క కుర్చీలో కూర్చోవడం వాళ్ళకు గిట్టలేదు. ఇవాళ కుర్చీ ఏసీ గదిలో ఉంది. గిట్టకపోవడం మాత్రం పోలేదు. గొడ్డళ్ళకు కేసులుంటాయి, సాక్షులుంటారు. ‘కమ్యూనికేషన్ వీక్’ అన్న రెండు ముక్కలకు ఏ స్టేషన్‌లో కేసు పెడతాం?

చట్టం లేదని కాదు. 1955 పౌరహక్కుల రక్షణ చట్టంలో ఉద్యోగం మాట ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించి 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. అందరికీ అందుబాటులో ఉన్న ఉద్యోగం చేయకుండా దళితుణ్ణి అడ్డుకోవడం నేరమని అందులో రాశారు. కానీ రుజువు ఏదీ? సర్కారు ఉద్యోగంలో రోస్టర్ ఉంటుంది, ఏ పాయింటు ఎవరిదో రాసి ఉంటుంది, అన్యాయం జరిగితే 2005 సమాచార హక్కు చట్టం కింద కాగితం అడగొచ్చు. కన్సల్టెన్సీ కంప్యూటర్లో ఉన్న కాగితం ఎవడు అడగాలి? ఎవడిస్తాడు? మన పిల్లకు తనను ఎందుకు కాదన్నారో ఈ జన్మలో తెలియదు. తన ఇంగ్లీషే బాగాలేదేమో అనుకుని కోచింగుకు ఇంకో పదివేలు అప్పు చేస్తుంది. దీని అసలు దుర్మార్గం ఇదే. వాళ్ళ తప్పును మన లోపం అని మన చేతనే నమ్మిస్తున్నారు.

పైగా ఇప్పుడు దరఖాస్తులు వడగట్టే పని యంత్రాలకు అప్పజెపుతున్నారు. యంత్రానికి కులం తెలియదు గదా, న్యాయం జరుగుతుందిలే అనుకునే అమాయకులు మనలోనూ ఉన్నారు. యంత్రం నేర్చుకునేది పాత తీర్పుల నుంచే. అమెజాన్ కంపెనీ ఇట్లాంటి యంత్రం ఒకటి తయారుచేస్తే, అది ఆడవాళ్ళ దరఖాస్తులకు మార్కులు తగ్గిస్తున్నదని బయటపడి, దాన్ని మూలన పడేశారు. 2018లో ఈ సంగతి పత్రికల్లో వచ్చింది. పాత ఫైళ్ళలో మగవాళ్ళే ఎక్కువ కాబట్టి మగవాళ్ళే మంచివాళ్ళని అది నేర్చుకుంది. మావాడు రాసిన ‘కమ్యూనికేషన్ వీక్’ లాంటివి వేలకు వేలు చదివి మన యంత్రాలు ఏం నేర్చుకుంటాయో ఆలోచించండి.

ఇక వాళ్ళ రెండో పని సంగతి. 1999లో అప్పటి చంద్రబాబు ప్రభుత్వం తెచ్చిన విజన్ 2020 గుర్తుందా? మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ సాయంతో తయారైన పత్రం అది. మన రాష్ట్రం ఎట్లా నడవాలో చెప్పడానికి మన గ్రామసభలు పనికిరాలేదు, కోటు వేసుకున్న సలహాదారులు పనికొచ్చారు. అప్పటినుంచి ఏ ప్రభుత్వం వచ్చినా అదే బాట. సలహాదారు ఆఫీసుకు రాగానే పనులను రెండు కుప్పలు చేస్తాడు. ముఖ్యమైన పనులు ఒక కుప్ప, ముఖ్యం కాని పనులు ఒక కుప్ప. ఊడ్చేది, కాపలా కాసేది, తోట పని, వంట పని, మరుగుదొడ్డి కడిగేది ముఖ్యం కాని పని అంటాడు. దాన్ని ఏజెన్సీకి ఇచ్చేయమంటాడు. ఆస్పత్రిలో మరుగుదొడ్డి కడగడం ముఖ్యం కాని పని అట! రెండ్రోజులు కడగకుండా ఉంటే తెలుస్తుంది ముఖ్యమో కాదో.

పాత రోజుల్లో మున్సిపాలిటీలో ఊడ్చే అమ్మకు పర్మినెంటు జీతం, పింఛను ఉండేవి. ఆ జీతంతో చదివి పంతుళ్ళైన పిల్లలు మా సంఘంలో ఉన్నారు. ఇప్పుడు ఆమె కోడలు అదే వీధి ఊడుస్తుంది. చీపురు అదే, కులం అదే. జీతం మాత్రం ఏజెన్సీ చేతిలో ఉంది. పైమెట్టు ఉద్యోగాల్లో మనకు చోటు లేదు. కిందిమెట్టు పని మొత్తం మనదే, కానీ భద్రత లేదు. ఒక మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో మనువు వెనకటికి రాసిపెట్టాడు. అదే లెక్క ఇప్పుడు నివేదికగా అచ్చువేసి, ఫీజు తీసుకుని అమ్ముతున్నారు.

ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దానిమీద మీకొక అభిప్రాయం ఉండొచ్చు, మాకొకటి ఉండొచ్చు. వాటా అడగడం తప్పు కాదు. అయితే మాలలం, మాదిగలం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉన్న ఈ కాలంలోనే వాటా పంచుకోవాల్సిన ఉద్యోగాలు ఏజెన్సీల దారి పట్టాయి. ‘మంచి ఫ్యామిలీ’ అడిగేవాడు మాలకూ మాదిగకూ తేడా చూడడు. ఇద్దరినీ ఒకే బుట్టలో పడేస్తాడు.

వాళ్ళ వాదనలు మాకు తెలియనివి కావు. ‘కంపెనీ మా సొంతం, మా ఇష్టమొచ్చిన వాణ్ణి పెట్టుకుంటాం’ అంటారు. సొంతమా? భూమి ఎవరిచ్చారు? జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో సెజ్ కోసం ఎస్సీ, ఎస్టీ, బీసీ రైతుల భూములు గుంజుకున్నారు. అసైన్డ్ భూమి పోయినవాడి కొడుకు ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాయాలి. కరెంటులో రాయితీ, పన్నులో రాయితీ, బ్యాంకు అప్పు అంతా జనం సొమ్ము. తీసుకునేటప్పుడు జనం సొమ్ము, ఉద్యోగం ఇచ్చేటప్పుడు సొంత ఇల్లు!

‘రిజర్వేషన్ పెడితే సంస్థలు దెబ్బతింటాయి’ అంటారు. మన రైల్వేల్లో 1980 నుంచి 2002 దాకా లెక్కలు తీసి అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కాఫ్ పరిశీలించారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల వల్ల పని దెబ్బతిన్నదనడానికి ఆధారం దొరకలేదు. పై స్థాయి ఉద్యోగాల్లో మన వాళ్ళు ఉన్నచోట కొంత మేలే కనిపించిందని రాశారు. రోజూ కోట్లమందిని మోసే రైలు మన చేతుల్లో నడిచింది గానీ, మీ ఆఫీసు నడవదా?

‘మేమే స్వచ్ఛందంగా చేస్తాం, చట్టం వద్దు’ అని 2006లో పెద్ద పరిశ్రమల సంఘాలు జె.జె. ఇరానీ ఆధ్వర్యంలో కమిటీ వేసుకుని చెప్పాయి. దొర స్వచ్ఛందంగా భూమి పంచిన ఊరు ఎక్కడన్నా ఉందా? దొర పంచడు, మనం అడగాలి.

‘ప్రైవేటులో కోటా చట్టం కుదరదు’ అంటారు. మరి 2019లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది గదా! హర్యానా కూడా అట్లాంటి చట్టం చేస్తే 2023లో హైకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. చట్టం రాయడానికి కలం ఆడింది. స్థానికుడు అనే మాట రాయడానికి ఆడిన కలం, అంటరానివాడు అనే మాట దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

అడిగితే కదులుతారు అనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024 ఆగస్టు 17న ఢిల్లీలో జాయింట్ సెక్రటరీలు, డైరెక్టర్లు, డిప్యూటీ సెక్రటరీల స్థాయిలో 45 పోస్టులకు రిజర్వేషన్ లేకుండా నేరుగా మనుషులను తీసుకుంటామని ప్రకటన ఇచ్చారు. దేశమంతా గోల లేచింది. మూడు రోజుల్లో, 20వ తేదీన వెనక్కి తీసుకున్నారు.

అందుకని మేము అడిగేది ఇది.

ఒకటి. ప్రభుత్వ భూమి, రాయితీ, కాంట్రాక్టు ఏది తీసుకున్నా ఆ కంపెనీ ఏడాదికొకసారి లెక్క చెప్పాలి. దరఖాస్తు పెట్టిన ఎస్సీ, ఎస్టీలు ఎందరు, పిలిచింది ఎందరిని, తీసుకుంది ఎందరిని. వాళ్ళకు మనుషులను వెతికిచ్చే కన్సల్టెన్సీ కూడా ఇదే లెక్క చెప్పాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు తమ దగ్గర నల్లవాళ్ళెందరో, ఆడవాళ్ళెందరో 1966 నుంచి ప్రభుత్వానికి లెక్క ఇవ్వాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1998లో ఇట్లాంటి చట్టమే చేశారు.

రెండు. కాదన్న ప్రతి దరఖాస్తుకూ కారణం రాసి ఆ మనిషికి పంపాలి. మాట్లాడకుండానే మాట బాగాలేదని రాసేవాడు అప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

మూడు. ప్రభుత్వ ఆఫీసుల్లో ఏజెన్సీ ద్వారా పెట్టుకునే ప్రతి ఉద్యోగానికీ రోస్టర్ ఉండాలి. అది ఊడ్చే పోస్టులకు మాత్రమే పరిమితమైతే ఒప్పుకోం. కుర్చీలో కూర్చునే పోస్టులకూ ఉండాలి.

నాలుగు. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు పార్లమెంటు చట్టం చేయాలి.

ఇవి వాళ్ళను అడిగేవి. ఆ కంపెనీల్లో పనిచేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట. మీ ఉద్యోగం మానుకోమని మేము చెప్పం. ఆ జీతం మీద ఇంటి దగ్గర ఎన్ని కడుపులు ఆధారపడ్డాయో మాకు తెలుసు. మీరు ఒంటరిగా జెండా పట్టుకోమనీ చెప్పం. కానీ మీ చేతితో ఆ అబద్ధం రాయకండి. మన పిల్ల దరఖాస్తు వస్తే ఫోన్ చెయ్యండి, మాట్లాడండి, పంపించండి. కంపెనీవాడు కాదంటే ఆ కాదనే మాట వాడి చేత కాగితం మీద రాయించండి. మీలాంటివాళ్ళు ఇంకా ఎవరెవరున్నారో వెతికి పట్టుకోండి. నలుగురైతే అది సంఘం అవుతుంది.

మన వాడల్లో చేయాల్సిన పని కూడా ఉంది. ప్రతి వాడలో ఒక రిజిస్టర్ పెడదాం. ఎవరు ఏం చదివారు, ఎక్కడ దరఖాస్తు పెట్టారు, పిలిచారా లేదా, పిలిస్తే ఏం అడిగారు, ఏం చెప్పి పంపించారు. అన్నీ తేదీలతో రాద్దాం. రాయడానికి బడి పంతుళ్ళం మేమున్నాం. వాళ్ళు లెక్క చెప్పరు గనక మన లెక్క మనమే రాసుకుందాం. పది ఊళ్ళ రిజిస్టర్లు ఒకచోట పెడితే మంత్రి ముందు పెట్టడానికి, కోర్టులో చూపించడానికి, పత్రికలో అచ్చువేయడానికి మన దగ్గర కాగితం ఉంటుంది.

మా వాడ రిజిస్టర్ మొదలుపెట్టాం. మొదటి పేరు ఆ కుర్రవాడిదే. ఊరు, కాలనీ, హాస్టల్, తండ్రి పాలేరు, తల్లి మిరపకోత కూలి, ఏదీ దాచకుండా తనే కూర్చుని రాశాడు. మరుసటి రోజు బస్సెక్కేముందు, ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఆఫీసు కంప్యూటర్లో ఇంకా ఉందని, ఈసారి ఫోన్ చేస్తానని చెప్పి వెళ్ళాడు. చేశాడో లేదో కనుక్కుని మీకు రాస్తాం. ఈలోగా మీ వాడలో రిజిస్టర్ తెరిచారో లేదో మీరు మాకు రాయండి.

జై భీమ్!